అర్జెంటీనా వైన్లు: రుచి చూడడం ఎలా, మార్కులు వేయడం ఎలా

అర్జెంటీనా వైన్ దగ్గర కొత్తవాళ్లు రెండుచోట్ల బోల్తా పడతారు. టొరోంటెస్ అనే తెల్ల వైన్ గ్లాసును ముక్కు దగ్గరికి తేగానే మల్లెల వాసన గుప్పుమంటుంది. దాంతో ఇది తియ్యటి వైన్ అని రాసేస్తారు. మాల్బెక్ అనే ఎర్ర వైన్ సిరాలా నల్లగా ఉండి గొంతులో వెచ్చగా దిగితే ఇది గొప్ప వైన్ అని రాసేస్తారు. మంచి టొరోంటెస్‌లో చక్కెర దాదాపు ఉండదు. మాల్బెక్ పండు తోలులోనే బోలెడంత రంగు ఉంటుంది కాబట్టి చవక సీసా కూడా అంతే నల్లగా కనిపిస్తుంది. వాసనను తీపి నుంచి, బలాన్ని నాణ్యం నుంచి విడదీసి చూడడం వస్తే ఈ దేశపు వైన్లను తూకం వేయడం వచ్చినట్టే.

తెలుగువాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. వైన్‌లో టానిన్ (ద్రాక్ష తోలు, గింజల్లోంచి వచ్చే పదార్థం) వల్ల నోరు పట్టేసినట్టయ్యే గుణాన్ని చాలామంది చేదుతో కలిపేసుకుంటారు. మనకు దానికి వగరు అనే సొంత మాట ఉంది. ఉగాది పచ్చడి తింటూ పెరిగినవాళ్లకు పులుపు, చేదు, వగరు వేరువేరని ఎవరూ చెప్పనక్కర్లేదు. కాగితం మీద కూడా ఈ మాటలే వాడండి. ఎక్కడో చదివిన పండ్ల పేర్ల కంటే అవే నిక్కచ్చిగా పనిచేస్తాయి.

ముందు నాలుకకు కొలతలు నేర్పండి

సీసా తెరవడానికి ఒకరోజు ముందు వంటింట్లో ఒక అరగంట చాలు. నాలుగు కొలతలు కావాలి.

వగరుకు బ్లాక్ టీ. పాలు, చక్కెర లేకుండా ఒకే టీపొడిని మూడు కప్పుల్లో వేసి వేడినీళ్లు పోయండి. ఒకదాన్ని 2 నిమిషాలకు, రెండోదాన్ని 5 నిమిషాలకు, మూడోదాన్ని 10 నిమిషాలకు వడకట్టండి. చల్లారాక వరసగా పుక్కిలించి ఉమ్మేయండి. చిగుళ్లు, బుగ్గల లోపలివైపు ఎంత పొడిబారుతున్నాయో చూడండి. ఆ మూడు కప్పులే మీకు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అనే మెట్లు.

పులుపుకు 200 మిల్లీలీటర్ల నీళ్లలో నిమ్మరసం: ఒక గ్లాసులో అర టీస్పూను, ఇంకోదాంట్లో ఒకటి, మూడోదాంట్లో రెండు. ఇక్కడ చూడాల్సింది నాలుక మీది చురుకు ఒక్కటే కాదు, ఉమ్మిన తర్వాత నోట్లో ఎంతసేపు నీరూరుతోంది అన్నది.

తీపికి 200 మిల్లీలీటర్ల నీళ్లలో 1 గ్రాము చక్కెర. అంటే లీటరుకు 5 గ్రాములు. చాలామంది నాలుకకు తీపి లీలగా తెలిసేది ఈ మోతాదు దగ్గరే. డ్రై వైన్ అంటే సాధారణంగా ఇంతకన్నా తక్కువ చక్కెర ఉన్నది.

ఆల్కహాల్‌కు 40 శాతం వోడ్కా. 60 మిల్లీలీటర్ల వోడ్కాలో 140 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 12 శాతం, 75 వోడ్కాలో 125 నీళ్లు కలిపితే 15 శాతం. రెండూ పుక్కిలించి ఉమ్మేయండి. రెండోది నాలుక వెనక, అంగిలి మీద మంటగా తగులుతుంది. అర్జెంటీనాలో ముఖ్యమైన వైన్ ప్రాంతం మెండోసా. అక్కడి మాల్బెక్‌లో ఎక్కువభాగం 13.5 నుంచి 15 శాతం మధ్య ఉంటాయి కాబట్టి ఈ తేడా పట్టుకోవడం ఇక్కడ అవసరం.

వాసనలకు పోపులపెట్టె చాలు. లవంగం, మిరియం, దాల్చిన చెక్క, కోసిన పచ్చి క్యాప్సికం ముక్క, నాలుగు మల్లెపూలు, నిమ్మతొక్క, నలిపిన నేరేడు పండు, ఎండుద్రాక్ష. ఒక్కోదాన్ని ఒక్కో గ్లాసులో వేసి మూతపెట్టి, కళ్లు మూసుకుని గుర్తుపట్టండి. తెలిసిన వాసన కూడా కళ్లు మూసుకుంటే ఎంత తికమక పెడుతుందో అప్పుడే అర్థమవుతుంది. మాల్బెక్ గురించి రాసేవాళ్లు వయొలెట్ పువ్వు అంటుంటారు. ఆ పువ్వు మనలో చాలామంది వాసన చూసి ఉండరు. ఫేస్ పౌడర్ డబ్బా తెరిస్తే వచ్చే మెత్తటి పూలవాసనకు అది దగ్గర. మీకు తెలిసిన మాటే రాసుకోండి.

ఏ సీసాలు, ఏ వరసలో

మొదటిసారికి ఆరు సీసాలు చాలు, అంతకు మించితే నాలుక మొద్దుబారుతుంది. మెండోసాలోని ఊకో లోయ నుంచి తెల్ల వైన్లలో ఒక షార్డొనే గానీ సెమియోన్ గానీ, సాల్తా రాష్ట్రంలోని కఫయాతె నుంచి ఒక టొరోంటెస్, మెండోసా తూర్పు మైదానం నుంచి బొనార్డా అనే ఎర్ర వైన్ ఒకటి, మూడు మాల్బెక్‌లు. ఆ మూడింట్లో ఒకటి మెండోసాలోనే ఉన్న లుహాన్ దె కూయోది, ఒకటి ఊకో లోయది, ఒకటి కఫయాతెది కావాలి. మాల్బెక్‌లు మూడూ ఒకే ఏడాదివి, ఇంచుమించు ఒకే ధరవి అయితేనే ఊరి తేడా తెలుస్తుంది. ఆరూ దొరక్కపోతే ఒక టొరోంటెస్, రెండు వేర్వేరు ఎత్తుల్లోని తోటల మాల్బెక్‌లతో మొదలుపెట్టండి.

లేబుల్ మీద చూడాల్సినవి కొన్నే. ద్రాక్ష పేరు వేస్తే అందులో కనీసం 85 శాతం ఆ ద్రాక్షే ఉండాలి. రిజర్వా అని ఉంటే ఎర్ర వైన్‌ను కనీసం 12 నెలలు, తెల్లదాన్ని కనీసం 6 నెలలు నిల్వ ఉంచారని అర్థం. గ్రాన్ రిజర్వా అయితే ఎర్రదానికి 24 నెలలు, తెల్లదానికి 12. ఆ మాట నిల్వ గురించి చెబుతుందే తప్ప రుచికి హామీ ఇవ్వదు. అక్కడ కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది, కాబట్టి అదే సంవత్సరం ముద్ర ఉన్న యూరప్ వైన్ కంటే అర్జెంటీనా వైన్ ఆరునెలలు పెద్దది. టొరోంటెస్ కొనేటప్పుడు ఈ లెక్క అక్కరకొస్తుంది. దాని పూలవాసన రెండేళ్లు దాటితే వాడిపోతుంది, పాత సీసాలను బేరానికి ఇచ్చినా తీసుకోకండి.

సీసా బరువు చూసి మోసపోవద్దు. మందపాటి గాజు, లోతైన అడుగు గుంట వైన్‌కు ఏమీ చేయవు. కానీ చేతికి బరువు తగిలితే మార్కులు పెరుగుతాయి. అందుకే సీసా మెడ మీది రేకు పూర్తిగా తీసేసి, ఆరింటినీ ఒకేరకం సంచుల్లో పెట్టి, రుచి చూడని మనిషి చేత నంబర్లు వేయించండి.

వరస ఇలా: షార్డొనే గానీ సెమియోన్ గానీ ముందు, టొరోంటెస్ తెల్లవాటిలో ఆఖరున. టొరోంటెస్ ముందుగా తాగితే దాని పరిమళం పక్కన మంచి సెమియోన్ కూడా చప్పగా అనిపిస్తుంది. తర్వాత పది నిమిషాలు ఆగి బొనార్డా, ఆపైన మాల్బెక్‌లు. మాల్బెక్‌లు మూడింటి వరస నంబర్లు వేసే మనిషికే వదిలేయండి.

గది, గ్లాసు, చల్లదనం

గ్లాసు నోరు పొట్ట కన్నా సన్నగా ఉండాలి. అంతర్జాతీయ కొలత ప్రకారం చేసిన టేస్టింగ్ గ్లాసు 155 మిల్లీమీటర్ల ఎత్తు, నిండా పోస్తే 215 మిల్లీలీటర్లు. అందులో 50 మిల్లీలీటర్లే పోయాలి. మిగతా ఖాళీ వాసనకు. 750 మిల్లీలీటర్ల సీసా లెక్కప్రకారం 15 మందికి రావాలి గానీ, అడుగు మడ్డి, పరీక్షకు పోసిన చుక్క పోను 13 మందికి వస్తుందనుకోండి. రెండో విడతకూ, మర్నాటికీ మిగల్చాలంటే ఇంకా తక్కువమందికే.

ఆరు వైన్లకూ ఒకేరకం గ్లాసులు వాడండి. కడిగిన సబ్బు, తుడిచిన బట్ట, చెక్క బీరువా, ఈ మూడింటి వాసనా గ్లాసుకు అంటుకుంటుంది. వేడినీళ్లతో తొలిచి, గాలికి ఆరబెట్టి, ఖాళీ గ్లాసును ఒకసారి వాసన చూసి అప్పుడు పోయండి. గదిలో అగరొత్తులు, కాఫీ, పోపు ఘాటు, సెంటు ఉండకూడదు. జడలో మల్లెపూలు పెట్టుకున్నవాళ్లు టేబుల్ దగ్గర ఉంటే టొరోంటెస్‌కు మార్కులు వేయడం కుదరని పని.

ఆవకాయ అన్నం తిని రెండు గంటలైనా కాకుండా కూర్చోవద్దు. కారం మిగిలిన నోటికి ఆల్కహాల్ మంట రెట్టింపవుతుంది, వగరు గరుకుగా తగులుతుంది. మధ్యమధ్యలో ఉప్పులేని బిస్కెట్ లేదా సాదా బ్రెడ్డు ముక్క, మామూలు నీళ్లు తీసుకోండి. చీజ్ వద్దు. దానిలోని కొవ్వూ, మాంసకృత్తులూ టానిన్‌ను పట్టేసుకుని గరుకు వైన్‌ను కూడా నునుపుగా చూపిస్తాయి. మెండోసాలో కట్టెల నిప్పుల మీద కాల్చిన గొడ్డు మాంసంతో మాల్బెక్ అంత బాగా కుదరడానికి కారణమూ అదే. తిండితో తాగడం వేరే ముచ్చట, మార్కులు వేసేది ఉత్త నోటితోనే.

తెల్లవి 10 నుంచి 12 డిగ్రీల దగ్గర, బొనార్డా 15 దగ్గర, మాల్బెక్‌లు 16 నుంచి 18 మధ్య ఉండాలి. ఫ్రిజ్ లోంచి అప్పుడే తీసిన తెల్ల వైన్ 4, 5 డిగ్రీల్లో ఉంటుంది. తాగడానికి హాయిగా ఉంటుంది గానీ అంత చలిలో టొరోంటెస్ వాసనా, లోపాలూ దాక్కుంటాయి. 20 నిమిషాలు బయట పెట్టండి. ఎర్ర వైన్‌కు తిరకాసు రెండోవైపు. గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలన్న మాట చలిదేశాల గదులది. మన ఎండాకాలపు 32 డిగ్రీల గదిలో మాల్బెక్ పోస్తే ఆల్కహాల్ ముక్కులోకి ఎగదన్ని పండు వాసనను కప్పేస్తుంది. సగం ఐసు, సగం నీళ్లు ఉన్న బకెట్లో పది నిమిషాలు ముంచి, గ్లాసులో పోసి థర్మామీటర్‌తో చూడండి. మరీ చల్లబడి 12కు దిగితే వగరు గట్టిపడి వైన్ మూసుకుపోతుంది. అప్పుడు గ్లాసును రెండు అరచేతులతో పట్టుకుని వేడెక్కించండి.

చూపు

గ్లాసును తెల్ల కాగితం మీద పక్కకు వంచి, మధ్యలో రంగు, అంచు దగ్గర రంగు వేరువేరుగా చూడండి. కుర్ర మాల్బెక్ అంచు ఊదా, గులాబీ కలిసినట్టు మెరుస్తుంది. అయిదారేళ్లకు ఆ ఊదా పోయి దానిమ్మ గింజ ఎరుపు వస్తుంది, పదేళ్లు దాటితే ఇటుక రంగు తిరుగుతుంది. రెండేళ్ల వైన్‌లోనే ఇటుక రంగు కనిపిస్తే ఎండకో గాలికో పాడై ఉండవచ్చు. టొరోంటెస్ లేత గడ్డిరంగులో ఉండి కాస్త పచ్చ ఛాయ తగలాలి. అది బంగారు రంగులో ఉంటే అనుమానించాలి. ఓక్ చెక్క పీపాలో పెట్టిన షార్డొనే, కాస్త వయసున్న సెమియోన్ బంగారు రంగులో ఉండడం మాత్రం సహజం.

గ్లాసు గోడల మీద జారే ధారలను చూసి నాణ్యం చెప్పేవాళ్లుంటారు. అవి ఆల్కహాల్ ఆవిరయ్యేటప్పుడు పుట్టేవి, మార్కులకు పనికిరావు.

ముక్కు

మొదట గ్లాసు కదపకుండా ఒకసారి వాసన చూడండి. లోపాలు చాలావరకు ఇక్కడే దొరుకుతాయి. తర్వాత మూడు నాలుగు చుట్లు తిప్పి, చిన్నచిన్నగా మూడుసార్లు పీల్చండి. అదేపనిగా పీలిస్తే ముక్కు అలవాటుపడి ఏమీ అందదు. అలా జరిగితే మీ మోచేతి మడతను ఒకసారి వాసన చూసి మళ్లీ గ్లాసు దగ్గరికి రండి.

లోపాల సంగతి ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే లోపం ఉన్న సీసాకు మార్కులు వేయకూడదు, ఇంకో సీసా తెరవాలి. వానాకాలంలో తడిసి ఆరని అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ లోంచి వచ్చిన ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం. పది నిమిషాలు గాలి తగిలితే తగ్గకపోగా పెరుగుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు అట్ట వాసన తెలియదు, పండు వాసన మాత్రం మాయమై వైన్ మూగగా ఉంటుంది. అదే ప్రమాదం, వైన్ చప్పనిదని తప్పు తీర్పు ఇచ్చేస్తాం. వెనిగర్ లేదా నెయిల్ పాలిష్ రిమూవర్ ఘాటు వస్తే ఆవిరయ్యే ఆమ్లం హద్దు దాటిందని. మరీ పండబెట్టి కోసిన ద్రాక్షల్లో దీనికి అవకాశం ఎక్కువ. గుర్రపుశాల, మందుపట్టీ వాసన బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్‌ది, సరిగా శుభ్రం చేయని పాత పీపాల్లో స్థిరపడుతుంది. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన గాలి ఎక్కువ తగిలిన వైన్‌ది. ఉడికించిన జామ్ వాసన వచ్చి, కార్క్ పైకి పొడుచుకొచ్చి మెడ జిగటగా ఉంటే, దారిలో ఎండకు కాగిన సీసా. ఓడలో, గోదాములో నెలలు గడిపి వచ్చే దిగుమతి వైన్లలో దీన్ని తప్పకుండా చూసుకోవాలి.

కుళ్లిన గుడ్డు వాసన ఒక్కటి వేరు. సిమెంటు తొట్టెల్లో పెరిగిన వైన్లలో, మర మూత సీసాల్లో అది అప్పుడప్పుడు వస్తుంది, బాగా తిప్పితే చాలాసార్లు పోతుంది. పోకపోతే శుభ్రంగా తోమిన చిన్న రాగి ముక్కను ఆ గ్లాసులో వేసి తిప్పండి. వాసన పోయిందంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ గ్లాసు పారబోయండి, సీసాను జగ్‌లోకి వంచి అరగంట గాలి తగలనిచ్చి మళ్లీ చూడండి.

లోపం లేదని తేలాక మూడు ప్రశ్నలు: వాసన ఎంత దూరం నుంచి అందుతోంది? ఎన్ని రకాలుగా విడిపోతోంది? పండు ముందుందా, పీపా ముందుందా? లవంగం, వెనిల్లా, పొగ, కొబ్బరి అన్నీ ఓక్ పీపా ఇచ్చేవే. అవి పండును దాటి ముందుకొస్తే మార్కు తగ్గించండి. ఒకప్పుడు కొత్త పీపా వాసనే ఖరీదుకు గుర్తుగా ఉండేది. గత పదిహేనేళ్లలో ఊకో లోయలో పనిచేసేవాళ్లు ముందుగా కోయడం, పాత పెద్ద పీపాలు, సిమెంటు తొట్టెలు వాడడం వైపు మళ్లారు. ఆ మార్పు మంచిదేనని మా తీర్పు, ఎందుకంటే ఊరి గుణం అప్పుడే బయటపడుతుంది.

నోరు

10 నుంచి 15 మిల్లీలీటర్ల గుక్క తీసుకోండి. నోరంతా తగిలేలా తిప్పి, పెదాలు సన్నగా విడదీసి కాస్త గాలి లోపలికి లాగండి. 8, 10 సెకన్లు ఉంచి గిన్నెలోకి ఉమ్మేయండి. మింగితే మూడో సీసా దగ్గరే తీర్పు సడలుతుంది. ఉమ్మినా కొంత ఆల్కహాల్ ఒంట్లోకి వెళ్తుంది, కాబట్టి తర్వాత బండి తీయవద్దు.

ఉమ్మగానే లెక్క మొదలుపెట్టండి. రుచి 5 సెకన్లలోపే పోతే పొట్టిది. 10 దాకా నిలిస్తే బాగుంది. 15 దాటితే, నిలిచింది పండు రుచే అయితే, అది పైస్థాయి వైన్. మంటో చేదో ఒక్కటే నిలిస్తే ఆ సెకన్లకు విలువ లేదు.

టొరోంటెస్‌కు ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉంది. ముక్కు వేళ్లతో మూసుకుని గుక్క తీసుకోండి. పరిమళం ఆగిపోతుంది కాబట్టి నాలుకకు అసలు సంగతి తెలుస్తుంది. తీపి లేదు, పులుపు ఉంది. ముక్కు వదలగానే మల్లెలు, గులాబీ, నారింజపూలు మళ్లీ వచ్చి తీపి ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ముక్కు మూసుకున్నా తీపి తగిలితే అందులో నిజంగానే చక్కెర మిగిలి ఉంది. ఈ ద్రాక్ష అర్జెంటీనాలోనే పుట్టింది. మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియాకూ, స్పెయిన్‌వాళ్లు తెచ్చిన క్రియోయా చీకా ద్రాక్షకూ సహజంగా జరిగిన సంకరం. పూలవాసన మస్కట్ వైపు వారసత్వం. తోలులో ఉండే చేదు దీని జబ్బు. పండ్లు ఎండకు మాడినా, గట్టిగా పిండినా, ఆలస్యంగా కోసినా వెనక రుచిలో నిమ్మగింజ కొరికినట్టు చేదు మిగులుతుంది. అందుకే కఫయాతెలో చాలాచోట్ల తీగలను పందిళ్ల మీద పెంచుతారు, ఆకుల నీడ గెలలకు గొడుగు పడుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. మంచి టొరోంటెస్‌లో వెనక రుచి నిమ్మతొక్క దగ్గర ఆగాలి, గింజ దాకా పోకూడదు. ఈ ఒక్క గీతతో సగం సీసాలు కిందికి దిగిపోతాయి.

షార్డొనేలో ఎత్తు చూడండి. ఊకో లోయలోని గ్వాల్తాయారిలో దాదాపు 1,450 మీటర్ల ఎత్తున పెరిగినది నిమ్మ, పచ్చి ఆపిల్, ఉప్పదనంతో నిటారుగా ఉంటుంది. వేడి మైదానంలోది అరటి, అనాస వైపు జారి మధ్యలో మెత్తబడుతుంది. సెమియోన్ వాసన తక్కువగా ఉంటుంది, దానికి ముక్కు దగ్గర మార్కు కోయకుండా నోట్లో మైనంలాంటి నునుపు, ఎంత నిలుస్తోంది అన్నవి చూడండి.

మాల్బెక్‌లో మూడు ఊళ్లు

1853లో మిషెల్ పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడి చేతుల మీదుగా మాల్బెక్ మెండోసా చేరింది. ఏప్రిల్ 17న ప్రపంచ మాల్బెక్ దినం జరపడం ఆ ఏడాది గుర్తుగానే. సొంత ఊరు ఫ్రాన్స్‌లోని కాహోర్‌లో ఈ ద్రాక్ష గట్టి వగరుతో ఉంటుంది. మెండోసాలో ఏడాదికి వాన సుమారు 200 మిల్లీమీటర్లే, నీళ్లు ఆండీస్ మంచు కరిగి కాలవల్లో వస్తాయి. ఎండ పుష్కలం, రాత్రి చలి. పండు నిదానంగా పూర్తిగా పండి వగరు మెత్తబడుతుంది. అందుకని కాహోర్ కొలతతో మెండోసా మాల్బెక్‌ను బలహీనమైనదని తీసిపారేయకూడదు, మెత్తగా ఉంది కదా అని ఊరికే మెచ్చుకోనూకూడదు. మెత్తదనం కింద పులుపు వెన్నెముకలా నిలబడిందా అన్నదే ప్రశ్న.

వంద మీటర్లు పైకెక్కితే చుట్టూ గాలి సుమారు 0.6 డిగ్రీలు చల్లబడుతుంది. చల్లని రాత్రి పండులోని పులుపును కాపాడుతుంది, ఎత్తున ఎండలోని అతినీల కిరణాలు తోలును మందం చేస్తాయి. ఈ రెండు ముక్కలు గుర్తుంటే గ్లాసులో ఊరు చదవవచ్చు.

లుహాన్ దె కూయో 850 నుంచి 1,100 మీటర్ల మధ్య ఉంటుంది. అక్కడి మాల్బెక్ పండిన నేరేడు, ఆల్‌బుకారా, గుండ్రటి వగరు, నోరు నిండే చిక్కదనం. పులుపు మధ్యస్థం. ఇక్కడ తప్పు జరిగితే అది ఎండుద్రాక్ష, జామ్ వైపు. పండు గెల మీద అతిగా పండిందన్నమాట.

ఊకో లోయలోని గ్వాల్తాయారి, పరాహె అల్తమీరా ఇంకా ఎత్తు. సుమారు 1,100 నుంచి 1,500 దాకా. నేలలో గులకరాళ్లకు సున్నం తెల్లగా పూసుకుని ఉంటుంది. ఇక్కడి వగరు తీరు వేరు. పట్టేసే వగరు కాకుండా సన్నటి పొడిలా చిగుళ్ల మీద పరుచుకుంటుంది. చిన్నప్పుడు బలపం కొరికినవాళ్లకు ఆ స్పర్శ వెంటనే గుర్తొస్తుంది. పూలవాసన, దవనం, మరువం లాంటి పచ్చి ఆకు వాసన, ఉమ్మాక చాలాసేపు ఊరే నీరు. రంగు లుహాన్‌ది కన్నా పలచగా ఉండొచ్చు, దానికి మార్కు తగ్గించకండి.

కఫయాతె ఉన్న కాల్చాకీ లోయలు సుమారు 1,700 మీటర్ల దగ్గర మొదలై ఇంకా పైకి పోతాయి. కొలోమె సంస్థకు చెందిన ఆల్తురా మాక్సిమా తోట 3,111 మీటర్ల ఎత్తున ఉంది. మెండోసా కన్నా భూమధ్యరేఖకు దగ్గరగా, ఎత్తుగా ఉండడంతో ఎండ తీక్షణం. మాల్బెక్ నల్లగా, మిరియం ఘాటుతో, చిక్కటి వగరుతో వస్తుంది, ఆల్కహాల్ 14.5 దాటడం మామూలే. ఇక్కడ చూడాల్సింది మంట. వోడ్కా కొలతల్లో రెండోదాన్ని గుర్తుచేసుకోండి. ఆల్కహాల్ ఎక్కువ ఉన్నా మంట తెలియకపోతే పండూ పులుపూ దాన్ని మోస్తున్నాయని అర్థం.

పులుపు వైన్‌లో కలిసిపోయిందా, విడిగా నిలబడిందా అన్నది ఎక్కడైనా గమనించాలి. వేడిచోట్ల పండులో పులుపు తగ్గితే టార్టారిక్ ఆమ్లం కలపడం మామూలు, చట్టబద్ధం. బాగా కలిపితే తెలియదు. తొందరపడితే మెత్తటి పండు రుచి అయిపోయాక చివర్లో ఒక గట్టి పులుపు గీత విడిగా తగులుతుంది. ఏడాది కూడా చూడండి: 2016 చలి, వానలతో గడిచింది కాబట్టి వైన్లు తేలికగా, పులుపుగా వచ్చాయి. 2020 వేడిగా ఉండి కోత ముందుకు జరిగింది. ఆ ఏడాది వైన్లో పులుపు నిలబెట్టినవాళ్లకు ఒక మార్కు ఎక్కువ ఇవ్వవచ్చు.

బొనార్డా గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఇటలీ పేరు పెట్టుకున్నా ఇది ఫ్రాన్స్‌లోని సవ్వా ప్రాంతపు దూస్ న్వార్ ద్రాక్ష. వగరు తక్కువ, రసం ఎక్కువ, చల్లగా తాగేది. తాజాదనం ఉందా, వెనక చేదు లేదా అని చూసుకుంటే చాలు. ఏడో సీసాకు ఓపిక ఉంటే ఊకో లోయ నుంచి కాబర్నే ఫ్రాంక్ అనే ఎర్ర వైన్ కలుపుకోండి. అందులో క్యాప్సికం వాసన నిప్పుల మీద కాల్చినట్టు ఉంటే అది దాని సొగసు, పచ్చిగా ముక్కులో గుచ్చితే పండు పూర్తిగా పండలేదని.

మార్కులు

20కి వేయండి. చూపుకు 2, ముక్కుకు 5, నోటికి 8, వెనక నిలిచే రుచికి 3, ఊరి గుణం, ద్రాక్ష గుణం పలికినందుకు 2. ఈ పంపకం ఏ సంస్థ నియమమూ కాదు. అర్జెంటీనా వైన్లకు చూపు దగ్గర మార్కులు తగ్గించి నోటి దగ్గర పెంచితే తీర్పు నిలకడగా ఉంటుందని చేసింది. నోటి 8ని పులుపుకు 2, వగరు తీరుకు 2, ఆల్కహాల్ కలిసిపోయినందుకు 2, అన్నీ పొందికగా ఉన్నందుకు 2గా విడగొట్టండి. తెల్లవాటిలో వగరు గడిలో చేదు ఎంత ఉందో తూచండి. 12 దాకా సాదా, 13 నుంచి 15 మంచిది, 16, 17 చాలా మంచిది, 18, ఆపైన వచ్చేది అరుదు.

కాగితం మీద నచ్చింది అని రాయకండి, కారణం రాయండి. ఉదాహరణకు: "నం. 5. అంచు ఊదా. నేరేడు, మరువం, పీపా వెనక ఉంది. పులుపు ఎక్కువ, ఊరే నీరు 12 సెకన్లు. వగరు బలపం పొడిలా. ఆల్కహాల్ తెలియలేదు. వెనక రుచి పొడవు, చివర కాస్త చేదు. 2+4+7+2+2=17."

ఆరూ అయ్యాక పావుగంట ఆగి ఎర్రవాటిని వెనకనుంచి ముందుకు మళ్లీ చూడండి. వగరు నోట్లో పేరుకుపోతుంది కాబట్టి మొదటి విడతలో ఆఖరున వచ్చిన వైన్ నిజంగా ఉన్నదానికన్నా గరుకుగా కనిపిస్తుంది. రెండు విడతల మధ్య తేడా రెండు మార్కులు దాటితే మూడోసారి చూసి మధ్యస్థం తీసుకోండి. అందరూ పూర్తి చేసేదాకా ఒక్కరు కూడా నోరు విప్పకూడదు. గట్టిగా మాట్లాడే మనిషి ఒక్కడు చాలు, టేబుల్ మొత్తం అతని మార్కే రాస్తుంది.

ప్రతి సీసాలో మూడోవంతు మిగిల్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు అదే గ్లాసు, అదే చల్లదనం. గాలి తగిలిన రాత్రి తర్వాత కొన్ని మాల్బెక్‌లలో పండు వాడిపోయి పీపా, ఆల్కహాల్ మాత్రం మిగులుతాయి. కొన్ని ముందురోజు మూసుకున్నవి విచ్చుకుంటాయి, ముఖ్యంగా గ్వాల్తాయారివి. దీన్నిబట్టి ఒక మార్కు వరకు పెంచండి లేదా తగ్గించండి, అంతకు మించి వద్దు. కాగితం మీద సంతకం పెట్టి తేదీ వేశాకే సంచులు విప్పండి. లేబుల్ చూశాక కొట్టివేతలు వద్దు.